ఒంటరి ప్రయాణానికి పదిమంది తోడు

నిరుడు సంక్రాంతికి పొందూరు వెళ్ళాను. భోగి నాడు పొద్దున్నే మా అప్ప ఇంట్లో పెద్ద రభస. పండగ పిండివంటల గురించి కాదు, మా మేనకోడలి ప్రయాణం గురించి.

అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జూన్‌లో వారం రోజులు సెలవు పెట్టి హిమాచల్‌ప్రదేశ్‌లోని స్పితి లోయకు వెళ్తానంటోంది. ఎవరితో అని అడిగితే, "ఒక్కదాన్నే. కానీ పన్నెండు మందిమి వెళ్తాం" అంది.

ఆ జవాబు మా బావకి అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, మొదట నాకూ అర్థం కాలేదు.

"ఆ పన్నెండు మందీ ఎవరు?"

"ఇంకా తెలీదు నాన్నా. ఢిల్లీలో బస్సెక్కినప్పుడు తెలుస్తుంది."

ఇంకేముంది? అప్ప గరిటె పక్కన పడేసి హాల్లోకొచ్చేసింది. "ముక్కూ మొహం తెలీనోళ్ళతో ఎనిమిది రోజులా? ఒరే తమ్ముడా, నువ్వైనా చెప్పు దీనికి" అంది. "మావయ్యా, నువ్వైనా చెప్పు అమ్మకి" అంటూ మేనకోడలు తన ఫోను నా చేతిలో పెట్టింది. అందులో ఆ కంపెనీ వాళ్ళ ప్రయాణ వివరాలున్నాయి. చదవడం మొదలుపెట్టాను.

ఏమిటీ వ్యాపారం?

ఇలాంటి కంపెనీలు ఇప్పుడు ఢిల్లీ, బెంగళూరు, హైదరాబాదుల్లో చాలానే ఉన్నాయి. ఎక్కువగా కుర్రాళ్ళే నడుపుతున్నారు. తేదీలు ముందే ప్రకటిస్తారు. ఎవరికి వారే విడిగా డబ్బు కట్టి చేరతారు. పది నుంచి ఇరవై మంది పోగవగానే వాట్సాప్‌లో ఒక గ్రూపు పెడతారు. వీళ్ళతోపాటు దారీ తెన్నూ తెలిసిన ఒక కుర్రాడో అమ్మాయో వస్తారు. ట్రిప్ లీడర్ అనో, కెప్టెన్ అనో పిలుస్తారు. గదులు, బండి, పొద్దుటి టిఫిను, రాత్రి భోజనం కంపెనీవి. మిగతా ఖర్చులు ఎవరివి వాళ్ళవి.

స్నేహితులతోనే వెళ్ళొచ్చు కదా అని మనకు అనిపిస్తుంది. మా మేనకోడలికీ స్నేహితులున్నారు. ఒకరికి సెలవు దొరికితే మరొకరికి దొరకదు. ఒకమ్మాయికి పెళ్ళి కుదిరింది. ఇంకొకరింట్లో ఒప్పుకోరు. రెండేళ్ళు అనుకుంటూనే ఉండి, చివరికి ఈ దారి పట్టింది. ఉద్యోగాల కోసం ఊరుగాని ఊళ్ళో ఉంటున్న పిల్లల్లో చాలామందిది ఇదే పరిస్థితి.

నిజంగా ఒంటరిగా వెళ్దామంటే ఖర్చు బెదరగొడుతుంది. హోటల్ గది ఇద్దరి లెక్కన ఉంటుంది. ఒక్కరే ఉన్నా అద్దె తగ్గదు. కొండల్లో టాక్సీ రోజుకు ఆరు వేలనుకుందాం. ఒక్కరే ఎక్కితే ఆరు వేలూ వాళ్ళ నెత్తినే పడతాయి. అదే పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్‌కి తొమ్మిది వేలనుకున్నా తలకి ఏడు వందల యాభై చాలు. ముగ్గురు అమ్మాయిలు ఒకే గదిలో సర్దుకుంటే అక్కడా మిగులే. వ్యాపారంలో కిటుకంతా ఈ కూడికలు, భాగహారాల్లోనే ఉంది. ఒంటరిగా వెళ్ళే స్వేచ్ఛ, గుంపుగా వెళ్ళే చౌక... రెండూ కలిపి అమ్ముతున్నారన్నమాట.

అమ్ముడుపోని వ్యాను

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1960ల మొదట్లో జాన్ ఆండర్సన్ అనే న్యూజిలాండ్ కుర్రాడు లండన్‌లో దిగాడు. యూరప్ అంతా తిరగాలని కోరిక. చేతిలో డబ్బు తక్కువ, తోడు లేదు. ఒక చిన్న వ్యాను సంపాదించి, ఖర్చు పంచుకునేవాళ్ళను పోగేశాడు. పన్నెండు వారాలు తిరిగొచ్చారు. తర్వాత వ్యాను అమ్ముదామంటే ఎవరూ కొనలేదు. సరే అని మరుసటి ఏడాది మళ్ళీ ప్రకటన ఇచ్చి మరికొందరిని తీసుకెళ్ళాడు. అలా పుట్టిన కంపెనీయే కాంటికీ. పద్దెనిమిది నుంచి ముప్ఫై అయిదేళ్ళ వాళ్ళ కోసమే యాత్రలు వేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. 1989లో ఆస్ట్రేలియాలో ఇద్దరు మిత్రులు మొదలుపెట్టిన ఇంట్రెపిడ్ కూడా ఇలాంటి చిన్న బృందాల మీదే పెరిగింది.

మన దేశంలో యూత్ హాస్టల్స్ అసోసియేషన్ దశాబ్దాలుగా హిమాలయాల్లో ట్రెక్కింగులు నడుపుతోంది. ఎక్కడెక్కడి నుంచో విడివిడిగా వచ్చి పేరు నమోదు చేసుకున్న వాళ్ళే అక్కడ ఒక జట్టవుతారు. లాభం కోసం కాకుండా ఒక సంఘం చేస్తున్న పనినే ఇప్పుడు కంపెనీలు వ్యాపారంగా చేస్తున్నాయి.

అంతకన్నా ముందు మనవాళ్ళు చేయలేదా? ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. పల్లకీ బోయీలు, వంటవాళ్ళు, బంధువులు... పెద్ద పరివారంతో సాగిన ప్రయాణం అది. కలకత్తా, జగన్నాథం మీదుగా తిరిగొస్తూ మన శ్రీకాకుళం దారినే వెళ్ళారు. ఆ రోజుల్లో కాశీకి వెళ్ళడమంటే కాటికి వెళ్ళినట్టేనని సామెత. అందుకే గుంపు కట్టేవాళ్ళు. భయం పోవడానికీ, ఖర్చు పంచుకోవడానికీ మనిషికి ఎప్పుడూ దొరికిన మందు గుంపే.

అప్ప భయం

ఈ చరిత్రంతా అప్పకి చెప్పాను. ఆవిడ వినిపించుకోలేదు. "హిమాచలే కదరా?" అంది మెల్లగా. ఆ ఒక్కమాటతో గదిలో అందరం ఊరుకున్నాం.

2014 జూన్ 8. హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్ళిన ఇంజినీరింగ్ విద్యార్థులు హిమాచల్‌లోని మండీ జిల్లాలో బియాస్ నది ఒడ్డున ఆగారు. ఫొటోలు తీసుకుంటూ రాళ్ళ మీదకు వెళ్ళారు. ఎగువనున్న లార్జీ డ్యాం నుంచి వదిలిన నీళ్ళు క్షణాల్లో ముంచెత్తాయి. ఇరవై నలుగురు విద్యార్థులు, వాళ్ళతో వెళ్ళిన టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. టీవీల్లో ఆ దృశ్యం చూసిన తల్లెవరూ మర్చిపోలేదు. అప్పుడు మా మేనకోడలు స్కూల్లో చదువుతోంది. ఆ రోజు రాత్రి అప్ప అన్నం తినలేదని నాకు గుర్తు.

అప్ప భయం పరువు గురించి కాదు. ఆడపిల్ల ఒంటరిగా వెళ్తే నలుగురూ ఏమనుకుంటారన్నది బావ బాధ. అప్ప అడిగేది వేరు. "అక్కడ దీనికేమైనా అయితే చూసేవాళ్ళెవరు? డబ్బు తీసుకున్నోడు చూస్తాడా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మేనకోడలి దగ్గరా లేదు. జవాబు వచ్చింది అమ్మ నుంచి.

మా అమ్మ చిన్నప్పటి నుంచీ రాట్నం ముందే కూర్చుంది. పొందూరు ఖద్దరు గురించి మీకు తెలిసే ఉంటుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, ఎండిన అరటి దొప్పలో చుట్టుకుని, రాట్నం మీద సన్నని నూలు తీస్తారు. మాకు ఏకులు, రాట్నం, అమ్మ... మూడూ కలిసే గుర్తొస్తాయి. ఆవేళ కూడా ఏకు చేతిలో పట్టుకునే అంది.

"నాను కాసీ ఎల్నేదేటే? నలభై మందితో బస్సులో ఎల్లాను. అందులో నాకు తెలిసినోలు ఇద్దరే. గయలో వాంతులు పట్టుకున్నాయి. బస్సోడు రాత్రికే బయల్దేరదారన్నాడు. పాలకొండావిడ ఒకావిడ... పేరైనా తెలీదు నాకు... 'ఈ మనిసి లేసేదాకా బస్సు కదలడానికి ఈల్లేదు' అని అడ్డం కూకుంది. తెల్లార్లూ నా తల ఒళ్ళో పెట్టుకుంది. సూసేవోలు ఉంటారు. ముందు ఆ బండోడు ఎలాంటోడో కనుక్కోండి. గుంటని ఆపీకండి."

అదీ సంగతి. మా ప్రాంతంలో యాత్రా బస్సులు ఎక్కిన పెద్దవాళ్ళు ఎంతమందో! వెనక సీట్ల కింద బియ్యం బస్తాలు, పైన వంట పాత్రలు, ముందు సీట్లో గుమస్తా. ఎక్కేటప్పుడు ఎవరికెవరూ ఏమీ కారు. దిగేటప్పుడు ఒకరి ఊరికి ఒకరు రమ్మని పిలుచుకునేవాళ్ళు. వాళ్ళు పుణ్యం కోసం వెళ్ళారు, వీళ్ళు మంచుకొండల కోసం వెళ్తున్నారు. తేడా అంతే.

ఫోనులో పరీక్ష

'బండోడు ఎలాంటోడో' కనుక్కునే పని నా మీద పడింది. మేనకోడలు చూపించిన మొదటి కంపెనీకి ఫోను చేశాను. "స్పితిలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారు?" అని అడిగాను. "అలా ఏం జరగదు సార్, మా ట్రిప్పులన్నీ సూపర్‌గా ఉంటాయి" అన్నాడు అవతలి కుర్రాడు. మళ్ళీ అడిగాను. డిస్కౌంటు గురించి చెప్పాడు. ఫోను పెట్టేశాను.

రెండో కంపెనీలో ఒకమ్మాయి మాట్లాడింది. ఆమె చెప్పినదాన్ని కాగితం మీద రాసుకున్నాను. మనాలీ వైపు నుంచి ఒక్కసారిగా ఎత్తుకు తీసుకెళ్ళరట. సిమ్లా, కిన్నౌర్ మీదుగా రోజురోజుకీ కొంచెం కొంచెం ఎక్కుతారట. కాజా ఊరు దాదాపు పన్నెండు వేల అడుగుల ఎత్తు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలైతే ఇంకా పైకి వెళ్ళకూడదు. తగ్గకపోతే కిందికి దించాలి. బండిలో ఆక్సిజన్ సిలిండరు ఉంటుంది. లీడరు ఒక్కరు కాదు, ఇద్దరు. ఒకరు జబ్బు పడ్డవాళ్ళతో ఆగితే రెండోవారు మిగతావాళ్ళను తీసుకెళ్తారు. "వాతావరణం బాగోకపోతే మధ్యలోనే వెనక్కి తిప్పేస్తాం సార్. అప్పుడు డబ్బు మొత్తం తిరిగి రాదు. ముందే చెప్తున్నాం" అంది. ఆ చివరి మాటతో నాకు నమ్మకం కుదిరింది. నష్టం సంగతి ముందే చెప్పేవాళ్ళు కష్టంలో పారిపోరని నా అనుభవం.

మీ ఇంట్లోనూ ఇలాంటి ప్రయాణం ప్రస్తావన వస్తే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. కంపెనీ రిజిస్టర్ అయిందా, డబ్బు కంపెనీ ఖాతాలోకి వెళ్తోందా లేక ఎవరి సొంత నంబరుకో వెళ్తోందా చూడండి. లీడరు ఆ దారిలో ఇంతకుముందు ఎన్నిసార్లు వెళ్ళారో, ప్రథమ చికిత్స నేర్చుకున్నారో లేదో అడగండి. గది ఎవరితో పంచుకోవాలి, అమ్మాయిలకు విడిగా గదులిస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. కొండదారుల్లో రాత్రిపూట బండి నడుపుతారా, డ్రైవరు ఒక్కడేనా అన్నది చాలామంది అడగరు. తప్పకుండా అడగాల్సింది అదే. రద్దు చేసుకుంటే ఎంత పోతుంది, కనీస సంఖ్య రాకపోతే వాళ్ళేం చేస్తారు అన్నవి డబ్బు కట్టకముందే తెలియాలి. ప్రయాణ బీమా విడిగా తీసుకోవడం మంచిది. అరుణాచల్‌ప్రదేశ్, నాగాలాండ్ లాంటి చోట్లకు ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. దాని బాధ్యత ఎవరిదో కనుక్కోండి. ఇక పిల్లలకు చెప్పాల్సింది ఒకటే. లీడరు వద్దన్నచోట నీళ్ళలోకి, రాళ్ళ మీదకి వెళ్ళకూడదు. లీడరు రమ్మన్నా, మనసుకు భయమనిపిస్తే వెళ్ళకూడదు.

కాజాలో ఏం జరిగింది?

జూన్‌లో అమ్మాయి వెళ్ళింది. రోజూ రాత్రి ఫోను చేయాలన్నది అప్ప షరతు. అయిదో రోజు ఫోను రాలేదు. అక్కడ సిగ్నల్ సరిగా ఉండదని ముందే చెప్పింది. అయినా అప్ప రాత్రంతా మేలుకునే ఉంది. మర్నాడు పది గంటలకు "బాగున్నానమ్మా" అని రెండు ముక్కలు మాట్లాడింది. అంతే.

అసలు సంగతి తిరిగొచ్చాక చెప్పింది. కాజా చేరిన సాయంత్రమే తలనొప్పి మొదలైందట. అన్నం సహించలేదు. తనవల్ల పదకొండు మంది ప్రయాణం పాడవుతుందేమోనని ఎవరికీ చెప్పలేదు. "బాగానే ఉన్నాను" అంటూ నవ్వుతూ తిరిగింది. అర్ధరాత్రి గదిలో ఉన్న పుణె అమ్మాయికి అనుమానమొచ్చింది. పరిచయమై అయిదు రోజులే. "నువ్వు అబద్ధం చెప్తున్నావు" అని మొహం మీదే అనేసి, వెళ్ళి లీడరును లేపుకొచ్చింది. పొద్దునయ్యేసరికి కూడా తగ్గకపోవడంతో ఒక లీడరు, ఆ పుణె అమ్మాయి కలిసి మా పిల్లను కిందికి దించారు. దిగుతుంటేనే తలనొప్పి సర్దుకుంది.

గ్రూపులో అందరూ మహాత్ములేం కాదు. ఒక రోజు కార్యక్రమం మారిపోయిందని ఇద్దరు సణిగారట. అందులో ఒకతను డబ్బు వెనక్కిమ్మని లీడరుతో వాదన పెట్టుకున్నాడు. డబ్బు కట్టినవాడికి ఆ మాత్రం కోపం రావడం సహజమేనని మేనకోడలే అంది. కానీ పుణె అమ్మాయి కూడా డబ్బు కట్టింది కదా! పైనున్న ఊళ్ళు చూడకుండా తనతోపాటు దిగిపోయింది.

అప్ప ఇదంతా విని చాలాసేపు మాట్లాడలేదు. ముందే ఎందుకు చెప్పలేదని తిడుతుందనుకున్నాం. "ఆ పిల్లది పుణెలో ఏ వీధో కనుక్కో" అంది చివరికి. ఆ వారమే సంఘానికి వెళ్ళి, తెల్లటి పొందూరు చీర ఒకటి కొని పార్సిల్ చేయించింది.

పొందూరు స్టేషన్లో దిగిన ముగ్గురు

కథ అక్కడితో అయిపోలేదు. చీర అందుకున్న అమ్మాయి డిసెంబరులో మరో ఇద్దరిని వెంటబెట్టుకుని పొందూరు స్టేషన్లో దిగింది. ఆ ఇద్దరూ స్పితి గ్రూపులో వాళ్ళే. ఒకతను, డబ్బు వెనక్కిమ్మని పోట్లాడినవాడే! బావ అతనికి రెండోసారి వడ్డిస్తుంటే నాకు నవ్వాగలేదు.

మా మేనకోడలు వాళ్ళకి లీడరయింది. ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949లో మొదలైందని, ఆ భవనానికి 1955లో వినోబా భావే శంకుస్థాపన చేశారని చెప్పింది. ఇక్కడి నేత చూసి రమ్మని గాంధీజీ తన కొడుకు దేవదాస్‌ను పంపారని మా ఊళ్ళో చెప్పుకునే మాటా చెప్పింది. మర్నాడు అరసవల్లి సూర్యదేవుణ్ని, శ్రీకూర్మాన్ని చూపించింది. గిడుగు రామమూర్తి పంతులు 1919లో వెలుగులోకి తెచ్చిన శాలిహుండం బౌద్ధ స్తూపాలు ఎక్కించి, కొండ మీంచి వంశధారను చూపించింది. సాయంత్రానికి కళింగపట్నం సముద్రం. రెండ్రోజులకి ఇంతకన్నా ఏం కావాలి? స్పితికి వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళాలి గానీ, మన ఊరికి రావాల్సినవాళ్ళను ఎవరు పిలుస్తున్నారు?

ఇక్కడొక చిక్కుంది. ఇలా బృందాలు వస్తే అమ్మలాంటి వాళ్ళు చూసే వస్తువులైపోతారేమోనని నా భయం. రాట్నం ముందు ఫొటో దిగి, అది వంద మందికి పంపి వెళ్ళిపోతే వడికేవాళ్ళకి ఒరిగేదేమీ లేదు. సన్ననూలు తీసే చేతులకు వచ్చే కూలి ఏపాటిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలు కనబడకపోవడానికి కారణం అదే.

వచ్చిన ముగ్గురూ అమ్మ చుట్టూ కూర్చున్నారు. పుణె అమ్మాయి తన చేత్తో నూలు తీయబోతే పోగు ఠక్కున తెగింది. మళ్ళీ తీసింది, మళ్ళీ తెగింది. ఆ కుర్రాడు అయిదు వందల నోటు తీసి అమ్మకి ఇవ్వబోయాడు. అమ్మ పుచ్చుకోలేదు.

"సూడ్డానికి డబ్బులేటి బాబూ? గుడ్డ కొనుక్కో. నాలుగేల్లు కడతావు."

మేనకోడలు ఆ మాట వాళ్ళకి హిందీలో చెప్పింది. అతను వెళ్ళి రెండు షర్టులకు సరిపడా గుడ్డ కొన్నాడు. ఎవరైనా మా ఊరికి చిన్న బృందాలను తీసుకురావాలనుకుంటే వాళ్ళకి నేను చెప్పే నియమం కూడా అదే. వడికినవాళ్ళకీ, నేసినవాళ్ళకీ నాలుగు డబ్బులు దక్కే ప్రయాణమైతేనే తీసుకురండి.

వాళ్ళను రైలెక్కించి వస్తుంటే అప్ప దార్లో అడిగింది. "ఒరే, ఆ కంపెనీలన్నీ కుర్రోళ్ళకేనా? యాభై దాటినోళ్ళని తీసుకెళ్ళరా?"

ఆడవాళ్ళ కోసమే, వయసుతో పని లేకుండా బృందాలు నడిపేవాళ్ళున్నారని చెప్పాను. "మరి బావ?" అన్నాను.

"ఆయన ఇంటికాడ ఉంటారు. రోజూ రాత్రి ఫోను చేస్తాలే" అంది.